ఇంటికో మనిషి

2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా అనే ఊళ్ళో జరిగిన ప్రమాణ స్వీకారం వీడియో చాలామంది చూసే ఉంటారు. వార్డు మెంబర్లుగా గెలిచింది ఆరుగురు ఆడవాళ్ళు. మెడలో దండలు వేయించుకుని ప్రమాణం చేసింది వాళ్ళ భర్తలు. వీడియో దేశమంతా తిరిగాక పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. అప్పట్నుంచి ఈ విషయం ఎవరితో మాట్లాడినా చర్చ ఆ ఆరుగురు మొగుళ్ళ దగ్గరే తిరుగుతోంది. 2025 డిసెంబరులో మన తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయ్యాక, ఫ్లెక్సీ మీద గెలిచినావిడ బొమ్మ కన్నా ఆయన బొమ్మ పెద్దగా కనబడ్డ ప్రతిచోటా మళ్ళీ అదే మాట విన్నాను: పేరు ఆమెది, పెత్తనం ఆయనది.

ఆ కోపం న్యాయమైనదే. ఈ భర్తల పెత్తనం మీద వేసిన పిటిషన్ 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అది పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ చూసుకోవాల్సిన పని అని కోర్టు చెప్పింది. ఆ శాఖ కమిటీ వేసింది. 2025లో వచ్చిన కమిటీ నివేదిక, భర్తో బంధువో పదవి నడుపుతున్నట్టు రుజువైతే గట్టి శిక్షలు ఉండాలంది. ఉండాల్సిందే. కానీ రేపు ఆ భర్తను కుర్చీ దగ్గర్నుంచి లేపి పంపించేసినా ఊరి నిర్ణయం ఆవిడ చేతికి వస్తుందని నాకు నమ్మకం లేదు. మన ఊళ్ళలో నిర్ణయాలు జరిగే చోట మనుషుల్ని లెక్కపెట్టరు, ఇళ్ళను లెక్కపెడతారు. ఇంటి తరఫున వచ్చేవాడు మగవాడే అని అందరూ ముందే ఒప్పేసుకుని ఉన్నారు. సర్పంచ్ భర్త ఆ ఒప్పందంలో అందరికీ కనబడే ముక్క మాత్రమే.

సౌదీ నుంచి తెలిసిన సంగతి

మాది ఆర్మూర్ దగ్గర ఊరు. ఈ వైపు వాళ్ళకు వీడీసీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్ళ కోసం క్లుప్తంగా: గ్రామాభివృద్ధి కమిటీ. పంచాయతీరాజ్ చట్టం దీన్ని పెట్టలేదు. కులానికి ఒకరో ఇద్దరో పెద్దమనుషులు అందులో కూర్చుంటారు. ఊళ్ళో బెల్టు షాపు ఎవరు నడపాలి, కల్లు ఎవరు అమ్మాలి, ఇసుక ఎవరు తోలాలి అన్నవాటికి వేలంపాట పెడతారు. ఆ డబ్బుతో గుడి కడతారు, మోరీలు తీయిస్తారు, బడికి గదులు కూడా వేయిస్తారు. మాట వినని ఇంటికి జుర్మానా. మరీ ఎదురుతిరిగితే సాంఘిక బహిష్కరణ. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల పేపర్లు చదివేవాళ్ళకు ఇవి కొత్త కాదు.

మీటింగు ఉందంటే ఒకప్పుడు డప్పు చాటింపు వేసేవాళ్ళు: ఇంటికో మనిషి చావడి కాడికి రావాలె, రాని ఇంటికి ఇంత జుర్మానా అని. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. అందులోనూ ఇంటికో నంబరే.

కొన్నేళ్ళ కింద ఒక దసరా తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో ఉన్నాను. మా అన్న సౌదీలో ఉంటాడు. ఇక్కడ ఇల్లు, రెండెకరాల పొలం, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మా అమ్మ, అన్నీ వదినెవే. ఒకరోజు పొద్దున వరండాలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టుకుంటుంటే అన్న ఫోన్ చేశాడు. ముందు రాత్రి చావడిలో బెల్టు షాపు పాట అయిపోయిందని, షాపు ఈసారీ బస్‌స్టాండు దగ్గరే ఉంటుందని, గుడి గోపురానికి ఇంటికింత చందా వేశారని, సంఘం డబ్బుల్లోంచి తీసి కట్టెయ్యమని చెప్పాడు. ఫోన్ పెట్టేసి వదినె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"చావడి మనింటికి నాలుగిండ్ల అవతల ఉన్నది. లైట్లు కనబడ్డయి, మాటలు ఇనబడ్డయి. ఏమైందో నాకు సౌదీకెల్లి తెల్వాలె."

ఆ గ్రూపులో మా ఇంటి నంబరు అన్నది. అప్పటికి ఆయన ఊరొచ్చి రెండేళ్ళు దాటింది. అయినా మా ఇంటి మనిషి ఆయనే. బెల్టు షాపును బస్‌స్టాండు దగ్గర్నుంచి తీయించాలని వదినెకు అప్పటికే ఏడాది నుంచీ ఉంది. పెద్ద పిల్ల స్కూలు బస్సు ఎక్కేది అక్కడే. పొద్దున ఏడింటికే తాగేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. తానే వెళ్ళి చెప్పలేక మా చిన్నాయనతో చెప్పించాలని చూసింది. ఆయన సరే అన్నాడు. మీటింగు అయ్యాక అడిగితే, "ఆ మాట ఎత్తేటట్టు లేకుండె బిడ్డా ఆడ" అన్నాడు.

అప్పుడు మా ఊరి సర్పంచ్ ఆడమనిషే. ఆవిడ కూడా ఆ రాత్రి చావడికి రాలేదు. వాళ్ళింటి నుంచి వాళ్ళాయన వచ్చాడు. నేను మొదట్లో అందరిలాగే ఆలోచించాను: చూశారా, సర్పంచ్ భర్త పెత్తనం! కానీ ఆ చావడిలో కూర్చున్న ప్రతి మగవాడూ ఏదో ఒక ఆడమనిషి బదులు కూర్చున్నవాడే కదా. సర్పంచ్ గారి భర్త అక్కడికి సర్పంచ్ భర్తగా రాలేదు. తన ఇంటి మనిషిగా వచ్చాడు. ఆవిడ సర్పంచ్ కాకముందూ వచ్చేవాడు, పదవి పోయాకా వస్తాడు. ఆవిడకు పదవి ఇచ్చిన చట్టం ఆ చావడి గడప దగ్గర ఆగిపోయింది.

రెండు లెక్కలు

రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న అందరూ. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పుడు, మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు ఇవ్వడం గురించే అందరం మాట్లాడుకున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది సగానికి పెరిగి, 2013 పంచాయతీ ఎన్నికల్లో అమలైంది. ఆ సవరణలో సీట్ల కన్నా పెద్ద మాట, పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషీ విడిగా ఊరి నిర్ణయంలో భాగం అన్నది. అత్త ఒకరు, కోడలు ఒకరు, జీతగాడు ఒకరు, అతని భార్య ఒకరు.

ఊరు ఈ లెక్కను ఎన్నికల రోజున మాత్రమే ఒప్పుకుంటుంది. ఆ రోజు ఆడవాళ్ళు బారులు తీరి నిలబడతారు, చాలాచోట్ల మగవాళ్ళ కన్నా ఎక్కువమందే వస్తారు. మర్నాటి నుంచి మళ్ళీ ఇంటి లెక్క. గుడి కమిటీకి ఇంటికొకరు, జాతర చందాకు ఇంటికింత, తగువు తీర్చడానికి ఇంటి పెద్ద. ఈ లెక్క ఊరి ఆచారంలోనే ఉందని కూడా అనుకోకండి. ప్రభుత్వం పెట్టిన సంఘాల్లోనూ ఉంది. 1997 చట్టంతో సాగునీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. రైతుల చేతికే కాల్వ అప్పగించిన గొప్ప మార్పు అన్నారు. అందులో ఓటు భూమిని బట్టి. పట్టాల్లో ఎక్కువ భాగం మగవాళ్ళ పేరు మీద ఉన్నప్పుడు, నాట్లు వేసి కలుపు తీసి కోసేది ఆడవాళ్ళే అయినా నీళ్ళ వంతు గురించి మాట్లాడే హక్కు వాళ్ళకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరోవైపు అదే ప్రభుత్వం, ఇంటి బరువు మోపాల్సినప్పుడు ఆడమనిషినే ఇంటి పెద్ద అంటుంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో కుటుంబ పెద్ద, పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళలో పెద్ద వయసు స్త్రీ. ఇందిరమ్మ ఇల్లు ఆమె పేరు మీద. బ్యాంకు లింకేజీ అప్పు ఆమె సంఘం పేరు మీద. మా వదినె రేషన్ కార్డులో కుటుంబ పెద్ద మా అమ్మ, సంఘం పాస్‌బుక్కులో వదినె, చావడిలో సౌదీలో ఉన్న మా అన్న. ఒకే ఇల్లు. కట్టాల్సిన చోట ఆడవాళ్ళు, చెప్పాల్సిన చోట మగవాళ్ళు.

గల్ఫ్ పోయిన ఇళ్ళు మా ప్రాంతంలో తక్కువేం లేవు. మొగుడు పన్నెండు నెలలూ ఊళ్ళో లేని ఇంట్లో నిర్ణయాలన్నీ భార్యవే అవుతాయని, అలా ఆడవాళ్ళకు అధికారం వస్తుందని చదివినప్పుడు నాకు ఆశగా ఉండేది. కొంత నిజమే. పిల్లల బడి, విత్తనాలు, ఆసుపత్రి, అప్పు అన్నీ ఆమే చూసుకుంటుంది. కానీ ఊరి విషయానికి వచ్చేసరికి ఇంట్లో లేని మగవాడికి కూడా ఇంట్లో ఉన్న ఆడమనిషి కన్నా ఎక్కువ చోటుంది. ఆయన లేకపోతే మామ, మామ లేకపోతే బావ. ఎవరూ లేని వితంతువు ఇంటికి చందా రాస్తారు గానీ, కబురు పెట్టరు.

సంఘంలో మాట్లాడే నోరే

"ఆడోళ్ళు వస్తే వద్దన్నమా?" అనే ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. వాళ్ళకు మాట్లాడటం రాదు, బిడియం, చదువు లేదు అంటారు. దీనికి జవాబు కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఊళ్ళోని ఆడవాళ్ళ పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య మీటింగుకు వెళ్ళి కూర్చోండి. నెల నెలా లక్షల లెక్క నోటితో చెప్పుకుంటారు. ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరి కిస్తీ ఆగింది, ఆగిన ఇంట్లో ఏం కష్టం వచ్చింది, ఇంకో నెల ఓర్చుకోవాలా వద్దా, అన్నీ అక్కడే తేలుస్తారు. గొంతులు లేస్తాయి. సంఘాలను చూసుకునే ఉద్యోగి, సీసీ, చెప్పింది తప్పని తోస్తే మొహం మీదే చెప్తారు. మా వదినె అక్కడ లీడరు. ఆమె గట్టిగా వాదించి, కూతురి పెళ్ళికి అప్పు అడిగినామెకు ఒప్పించి ఇప్పించడం నేను చూశాను. అదే వదినె చావడి మీటింగు నాడు తలుపు వెనక నిలబడి మాటలు వినే ప్రయత్నం చేసింది. ఆమె గొంతులో లోపం లేదు. ఆ చోటు ఆమెను మనిషిగా లెక్కలో వేసుకోలేదు.

దూబగుంట ఆడవాళ్ళ సారా వ్యతిరేక పోరాటం కథ అందరికీ తెలిసిందే కాబట్టి తిరిగి చెప్పను. ఒక్క సంగతే గుర్తు చేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించడంతో ఆగలేదు, సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. వేలంపాట అంటే ఊరి బతుకు మీద నిర్ణయం జరిగే చోటు. ఆ చోటికి వెళ్ళి నిలబడ్డారు కాబట్టే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. అక్షరాలు నేర్చుకునే రాత్రి బడుల్లో పక్కపక్కన కూర్చున్నాక ఒక్కొక్కరి ఇంట్లో ఏడుపు అందరి మాట అయ్యింది. ముప్ఫై ఏళ్ళు దాటాక మా ఊళ్ళో బెల్టు షాపు వేలంపాట జరుగుతోంది, ఆడమనిషి నీడ కూడా అక్కడ పడదు. ఆ వేలం డబ్బుతోనే గోపురం.

అలాగని మంచి ఉదాహరణలు లేవని కాదు. కర్నూలు జిల్లా కల్వ సర్పంచ్ ఫాతిమాబీకి 1998లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ పేదరికంపై పోరాటానికి ఇచ్చే అవార్డు వచ్చింది. ఓర్వకల్లు మండలంలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు అప్పటికే బలంగా ఉన్నాయి. ఆ బలం పంచాయతీ కుర్చీకి తోడైంది. ఒంటరిగా కుర్చీలో కూర్చున్న ఆడమనిషికీ, వెనక సంఘం ఉన్న ఆడమనిషికీ అంత తేడా ఉంటుంది.

చిన్నాయన వాదన

మా చిన్నాయన చెడ్డవాడు కాదు. ఈ విషయాలన్నీ ఆయనతో వాదించాను. ఆయన రెండు మాటలు అన్నాడు. రెండూ నన్ను ఆలోచనలో పడేశాయి.

మొదటిది వీడీసీ చేసే పని గురించి. "పంచాయతీల బిల్లు రావాలంటే ఏండ్లు వడతది. పాత సర్పంచులు చేసిన పనుల బిల్లుల కోసం ఎంతమంది తిరుగుతున్నరో నువ్వు పేపర్ల చదువుతలేవా? వీడీసీ రేపు పైసలు తెస్తది, ఎల్లుండి పని జేస్తది." ఇది నిజం. మా ఊరి బడి ప్రహరీ వీడీసీ కట్టిందే. పంచాయతీకి నిధులు, అధికారం సరిగా ఇవ్వకుండా దాని పైన ఎవర్ని కూర్చోబెట్టినా నిర్ణయం బయటే జరుగుతుంది. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు సగం వచ్చిన కాలంలోనే ఆ పదవి బలం తగ్గుతూ రావడం నాకు బాధగా ఉంటుంది. తెలంగాణ 2018 చట్టం తర్వాత చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలన్నారు. సర్పంచ్ పదవికి మహిళా రిజర్వేషన్ ఉంది, ఉపసర్పంచ్ పదవికి లేదు. ఆడ సర్పంచ్ ఉన్న ఊళ్ళో ఉపసర్పంచ్‌గా ఎవరు వస్తారో, రెండో సంతకం కోసం ఆమె ఎవరి ఇంటికి వెళ్ళాలో ఎవరైనా ఊహించవచ్చు. అవినీతి ఆపడానికి పెట్టామన్నారు, కాదనను. కానీ ఆ నియమం రాసినవాళ్ళ కళ్ళ ముందు ఒక మగ సర్పంచే ఉన్నాడనిపిస్తుంది.

రెండో మాట ఇంకా లోతైనది. "ఒక ఇంటికెల్లి రెండు మాటలు రావద్దు బిడ్డా. మొగుడొకటి, పెండ్లామొకటి నలుగుట్ల చెప్పుకుంటే ఆ ఇల్లు నిలువదు. ఇంట్ల ఎంతైనా కొట్లాడుకోని, బయటికి ఒక మాట మీద రావాలె."

దీన్ని తీసిపారేయలేను. మా అమ్మ జీవితమంతా ఇలాగే గెలిచింది. బోరు ఎక్కడ వెయ్యాలి, నన్ను కాలేజీకి పంపాలా వద్దా, పాలివాళ్ళతో గట్టు తగువు ఎంత దాకా లాగాలి, ఇవన్నీ మా ఇంట్లో రాత్రిపూట అమ్మ తేల్చింది. పొద్దున చావడిలో అవి మా నాయన మాటలయ్యాయి. ఊళ్ళో చాలా ఇళ్ళు ఇలాగే నడుస్తాయి. నాలాంటిది పట్నం నుంచి వచ్చి ప్రతి ఆడమనిషీ లేచి నిలబడి వేరే మాట చెప్పాలంటే, అమ్మ లాంటి వాళ్ళు కూడబెట్టుకున్న ఆ చాటు బలాన్ని పోగొట్టి, బదులుగా ఊళ్ళో చులకన మాత్రమే మిగులుస్తానేమో అని ఇప్పటికీ అనుమానం ఉంది.

అయినా చిన్నాయనతో ఒప్పుకోలేకపోవడానికి కారణం బెల్టు షాపే. అమ్మ దారి, చెవి ఒగ్గి వినే మొగుడు ఉన్న ఇంటికే పనికొస్తుంది. తాగే మొగుడికి బెల్టు షాపు తీయించమని ఏ భార్య రాత్రి నచ్చజెప్పగలదు? పైగా ఇంటింటా విడివిడిగా జరిగే ఆ సంభాషణలో ప్రతి ఆడమనిషీ ఒంటరిది. ఊళ్ళో రెండు వందల మంది ఆడవాళ్ళకు ఒకే కోరిక ఉన్నా, అది రెండు వందల వంటిళ్ళలో విడివిడిగా ఓడిపోతుంది. చావడికి అది ఎప్పుడూ ఊరి కోరికగా చేరదు. మగవాళ్ళు చావడిలో ఒకరి మాట ఒకరు విని, బలం కూడగట్టుకుని, అవసరమైతే అభిప్రాయం మార్చుకుని ఇంటికి వెళ్తారు. ఆ అవకాశమే ఆడవాళ్ళకు లేదు. ఇల్లు ఒక్క మాట మీద ఉండాలన్న నియమం ఇంటి పరువును కాపాడుతుందేమో గానీ, ఆ పరువు ఖర్చంతా ఒకరి మీదే పడుతోంది.

ఇంకో సంగతి చిన్నాయన చెప్పలేదు, నేనే చెప్పాలి. ఆడవాళ్ళందరూ ఒక్కటి అన్నట్టు రాసుకుంటూ పోతే అబద్ధం అవుతుంది. మా వదినె బీసీ ఇంటి కోడలు. ఆమె మాట చావడికి చేరకపోయినా, ఆమె కులం నుంచి ఒక మగవాడు అక్కడ కూర్చుంటాడు. మాదిగ వాడ నుంచి వెళ్ళే ఒక్క మనిషి మాటే గట్టిగా వినిపించని చోట, ఆ వాడలోని ఆడమనిషికి రెండు గడపలు అడ్డం. ఎస్సీ మహిళకు రిజర్వ్ అయిన సర్పంచ్ కుర్చీలో ఎవరు ఎవరి తరఫున కూర్చుంటున్నారు అన్నది భర్త ఒక్కడి ప్రశ్న కూడా కాదు. పోటీలో ఆమెను నిలబెట్టిన పెద్ద కులం ఇంటిదీ. శిక్షల గురించి రాసే నివేదికలు ఈ చేతిని ఎలా పట్టుకుంటాయో నాకు తెలియదు.

కుర్చీ వల్ల ఏమీ కాలేదా?

అయ్యింది. పడికట్టుగా నిరాశపడటం కూడా నాకు ఇష్టం లేదు. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో, రాజస్థాన్‌లో రాఘబేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వ్ అయిన చోట, ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే పనుల మీద, ముఖ్యంగా తాగునీటి మీద, ఖర్చు పెరిగిందని అందులో తేలింది. అదే బెంగాల్‌లో తర్వాత జరిగిన పరిశోధనలో, రెండు ఎన్నికల్లో మహిళలకు రిజర్వ్ అయిన ఊళ్ళలో జనరల్ సీట్లకు కూడా ఆడవాళ్ళు నిలబడి గెలవడం పెరిగింది, ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రుల ఆశ పెరిగింది. రెండు ఎన్నికలు అన్నది గమనించాలి. ఒక్కసారికి ఊరు ఓర్చుకుంటుంది. రెండోసారికి అలవాటు పడుతుంది. ఐదేళ్ళకే రిజర్వేషన్ మారిపోతే, పని నేర్చుకున్న మనిషి నేర్చుకున్నది మూటగట్టుకుని ఇంటికి వెళ్ళిపోవాల్సి వస్తుంది.

నా వాదనకు దగ్గరగా వచ్చింది మాత్రం తమిళనాడు గ్రామసభల మీద 2019లో వచ్చిన పరిశోధన. సభల్లో మాట్లాడుకున్నదంతా రికార్డు చేసి, రాతలో పెట్టి, ఎవరు ఎంత మాట్లాడారు, ఎవరి మాట మీద చర్చ సాగింది, ఎవరికి అధికారులు జవాబిచ్చారు అని చూశారు. మూడింటిలోనూ ఆడవాళ్ళు వెనకే. మహిళా రిజర్వేషన్ వల్ల సభలో ఆడవాళ్ళు మాట్లాడటం పెద్దగా పెరగలేదు, కానీ మాట్లాడిన ఆడవాళ్ళ మాట వినబడటం పెరిగింది. అంటే పైన కుర్చీలో ఆడమనిషి ఉంటే మాటకు విలువ వస్తోంది, కింద నుంచి మాట లేవడానికి మాత్రం ఆ కుర్చీ ఒక్కటే చాలడం లేదు.

అందుకే భర్తను శిక్షించడం దగ్గర ఆగకూడదంటున్నాను. మహారాష్ట్రలో గ్రామసభకు ముందు మహిళా సభ పెట్టాలన్న నియమం ఉంది. ఆడవాళ్ళు ముందు తమలో తాము కూర్చుని, ఏం అడగాలో తేల్చుకుని, ఆ మాట తీర్మానంగా గ్రామసభకు తెస్తారు. అన్ని చోట్లా సక్రమంగా జరుగుతోందని నేను అనను. కానీ ఒక్కో వంటింట్లో విడిగా ఓడిపోయే కోరిక ఊరి కోరికగా మారడానికి అది దారి. మనకు దాన్ని కొత్తగా కట్టాల్సిన పని కూడా లేదు, గ్రామ సమాఖ్య ప్రతి ఊళ్ళో ఉంది. ఇన్నేళ్ళుగా దాన్ని అప్పులకూ కిస్తీలకూ, పథకాల సభలకు జనాన్ని తరలించడానికీ వాడుకుంటున్నాం. దాని తీర్మానాన్ని గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా చదవాలన్న ఒక్క నియమం పెట్టడానికి ఖర్చేముంది?

మండల ఆఫీసు వాళ్ళు కూడా ఒకటి చెయ్యాలి: సర్పంచ్‌కు ఫోన్ చెయ్యాలంటే సర్పంచ్‌కే చెయ్యాలి. మా పక్క మండలంలో ఒక మహిళా సర్పంచ్ నాతో అన్నమాట ఇది: "మా ఆయన నన్ను బండి మీద దించి బయట చాయ్ తాగుతడక్కా. లోపల సారే, మీ ఆయనను పిలువమ్మా అంటడు." ఆ భర్తను ఏ చట్టం కింద శిక్షిస్తాం?

వీడీసీలను రద్దు చెయ్యమని నేను అడగను, అడిగినా జరగదు. ఊరి పేరు మీద వసూలయ్యే ప్రతి రూపాయీ గ్రామసభలో, పగటిపూట, ఓటరు లెక్కన పిలిచిన జనం ముందు చదివి ఆమోదం తీసుకోవాలని అడుగుతాను. జుర్మానాలు, బహిష్కరణలు ఇప్పటికే చట్టానికి విరుద్ధం, వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు. వేలంపాట ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు జరగాలన్నదే అసలు గొడవ.

ఈ మాట వదినెతో అంటే ఆమె వెంటనే ఉత్సాహపడలేదు. సంఘం మీటింగు ఒకటి, సమాఖ్య మీటింగు ఒకటి, బడి కమిటీ ఒకటి, ఇప్పుడు ఇంకోటా అంది. వెయ్యి బీడీలు కట్టకపోతే ఆ రోజు కూలి పోతుంది. మా అమ్మను ఎవరు చూస్తారు? మగవాళ్ళు చావడికి వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటి పని ఆగదు, ఆడమనిషి వెళ్తే ఆగుతుంది. ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాత్రి తొమ్మిదింటికి పెట్టే మీటింగు ఆడవాళ్ళకు తలుపు మూసినట్టే అన్నది మాత్రం ఆమె చెబితేనే నాకు గట్టిగా పట్టింది. "సమాఖ్య మీటింగు నాడే, అది అయిపోంగనే పెట్టుమను. అందరం ఆడనే ఉంటం. లేసి పోవుడు ఉండది" అంది.

ఆమె చెప్పినట్టే కార్యదర్శికి దరఖాస్తు రాశాం. వచ్చే గ్రామసభ సమాఖ్య మీటింగు రోజునే, మధ్యాహ్నం పెట్టాలి. బెల్టు షాపును బస్‌స్టాండు దగ్గర్నుంచి తీయడం ఎజెండాలో ఉండాలి. వీడీసీ ఆ ఏడాది పాటల లెక్క చదవాలి. సంఘాల లీడర్లు చాలామంది సంతకాలు పెట్టారు. కొందరు ఇంట్లో అడిగి చెప్తామన్నారు. చిన్నాయన చదివి, లెక్క చదవాలన్న మూడో అంశం తీసేస్తే తానూ సంతకం పెడతానన్నాడు. వదినె తీయనంది.